తోమితే పోని మరక

దంతాల తెలుపు గురించి మన కవులు ఆడిన అబద్ధాలు తక్కువవి కావు. నాయిక నవ్విందంటే చాలు, మొల్లమొగ్గలు, ముత్యాలసరాలు, వెన్నెల తునకలు. కుందరదన అన్న ఒక్క మాటతో గట్టెక్కిన పద్యపాదాలెన్నో. దానిమ్మగింజల పోలికలో మాత్రం నాకు కొంత నిజాయితీ కనబడుతుంది. తాంబూలం వేసుకున్న నోట పలువరుస ఆ ఛాయలోనే ఉండి ఉంటుంది. ఆ మాటకొస్తే ముత్యాన్నయినా తెల్లకాగితం పక్కన పెట్టి చూడండి, లేత పసుపు తేలుతుంది. పన్నూ అంతే. పైనుండే ఎనామెల్ కొంతవరకు కాంతిని లోపలికి పోనిచ్చే పొర. దాని కిందనుండే డెంటిన్ స్వభావసిద్ధంగానే పసుపు. వయసు మీదపడేకొద్దీ పైపొర అరిగి, లోపలి పసుపు బయటికి కనిపించసాగుతుంది. ఆరోగ్యమైన పన్ను సున్నం కొట్టిన గోడలా ఉండదన్న సంగతి ఒప్పుకుంటే, పళ్ళు తెల్లబరచుకోవడమనే వ్యవహారంలో సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది.

మిగిలిన సగం మన మాటలో ఉన్నది. పళ్ళకు పట్టిన ఏ మరకనైనా మనం గార అనే అంటాము. పాచి గట్టిపడి చిగుళ్ళ దగ్గర పేరుకున్నదీ గారే. తేనీరు, వక్క, పొగాకుల మరకా గారే. మా నల్లగొండ వైపు పుట్టి, బోరునీళ్ళతో పెరిగినవారి పళ్ళమీది గోధుమరంగు చారలూ గారే. మొదటి రెండూ పన్ను మీద ఉన్నవి. మూడవది పన్నులో ఉన్నది. మీద ఉన్నదానికి చేసే వైద్యం లోన ఉన్నదానికి చేస్తే ఏమవుతుందో మా జిల్లాలో ప్రతి ఇంటివారికీ తెలుసు. నేనూ గారపళ్ళవాణ్ణే. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో హాస్టలు మిత్రులకు నా జిల్లా పేరు చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. నేను నవ్వితే సరిపోయేది.

కారణం తెలిసినదే. ఆ నేల అడుగునున్న గ్రానైటు శిలల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. వేరే గతి లేనిచోట 1.5 దాకా సహిస్తారు. అంతకు మించిన నీళ్ళు తాగుతూ పెరిగిన పసివాడికి, సుమారు ఎనిమిదేళ్ళ లోపల, చిగురు కింద పన్ను తయారవుతుండగానే ఎనామెల్ అల్లిక చెడుతుంది. అల్లిక వదులైనచోట సుద్దముక్కవంటి మచ్చ. పన్ను బయటపడ్డాక ఆ సందుల్లోకి రంగు దిగి గోధుమ చార. పెద్దయ్యాక ఆ నీళ్ళెన్ని తాగినా పళ్ళకు కొత్తగా ఈ మరక రాదు. వచ్చినది ఎంత మంచి నీళ్ళు తాగినా పోదు. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మొదట లోకానికి తెలియజేశారు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో మెకే అనే దంతవైద్యుడు 1901 నుంచి వెంటపడిన మరక కూడా ఇదే. దానికి మూలం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో చర్చిల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు పట్టుకున్నాడు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా ఉన్న పేరు నల్లగొండ టెక్నిక్. ఊళ్ళకు కీర్తి ఎన్ని దారుల్లో వస్తుందో చూడండి. ఇదే నీటికి ఎముకలు వంగిపోయినవారున్న జిల్లా నుంచి వచ్చి పళ్ళ రంగు గురించి రాయడం కొంత బిడియంగానే ఉన్నది. కాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లల కష్టం కూడా కష్టమే.

నా చెల్లెలి కూతురు అటువంటి పిల్ల. ఇరవై అయిదేళ్ళది. ఆమె పసితనంలో ఊరికింకా కృష్ణా నీళ్ళు రాలేదు. పదేళ్ళ తరువాత పుట్టిన తమ్ముడి పళ్ళమీద చుక్క మరక లేదు. కిందటి ఏడాది నిశ్చితార్థం జరిగింది, ఫొటోలు వచ్చాయి. ఫొటోగ్రాఫరు, ఎవరూ అడగకుండానే, దయతోనే కాబోలు, ప్రతి ఫొటోలోను ఆమె పళ్ళను కంప్యూటరులో పాలతో కడిగినట్టు కడిగి పెట్టాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. అమ్మాయి మాత్రం ఆల్బం మూసి నా దగ్గరికి వచ్చి, "గీ ఫొటోలల్ల ఉన్నది నేను కాదు మామా. పెళ్ళినాడు గీమెనే కావాల్నంటే నేనేడికెళ్లి తెచ్చియ్యాలె?" అన్నది. పెళ్ళివారు ఒక్కమాట అన్నది లేదు. అననిదానికి జవాబు వెతుక్కోవడమే కష్టం. పెళ్ళికి రెండున్నర నెలల వ్యవధి ఉన్నది.

ఇక సలహాలు. ఒకావిడ బొగ్గుపొడిలో ఉప్పు కలిపి తోమమన్నది. చెల్లెలు నిమ్మచెక్క మీద తినేసోడా చల్లి రుద్దమన్నది. అల్లుడి స్నేహితుడెవరో నల్లటి పేస్టు ఆన్‌లైన్‌లో తెప్పించి పంపాడు. వేపపుల్లనూ కానుగపుల్లనూ నేనేమీ అనను. మెత్తగా నమిలి కుంచె చేసుకుని నిదానంగా తోముకుంటే అది మంచి అలవాటే. బొగ్గూ, ఇటుకపొడీ చేసే పని వేరు. అవి గీకుతాయి. గీకితే పైమరకతో పాటు ఎనామెల్ కూడా కొంత పోతుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, చెక్కుకుపోయిన చర్మం మళ్ళీ వస్తుంది. ఎనామెల్ పోతే రాదు. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటపడేనాటికే అంతరించిపోతాయి. నల్లటి పేస్టుల సంగతి 2017లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష తేల్చినదేమంటే, అవి తెల్లబరుస్తాయనడానికి గాని, క్షేమమనడానికి గాని చాలినంత ఆధారం లేదని.

నిమ్మచెక్క మరీ మోసకారి. ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. 5.5 ప్రాంతానికి దిగితేనే ఎనామెల్ కరగడం మొదలుపెడుతుంది. నిమ్మరసానిది 2 దరిదాపులు. అలా మెత్తబడిన పొరను వెంటనే రుద్దడమంటే తడిసిన మట్టిగోడను చీపురుతో ఊడ్చడమే. మొదట్లో తళతళలాడినట్టు కూడా ఉంటుంది. పైపొర పలుచనై లోపలి పసుపు తొంగిచూసేసరికి మనిషి ఇంకా గట్టిగా రుద్దుతాడు. తెల్లబరిచే పేస్టుల్లో మరో రకం ఉన్నది, వాటిలో నీలివర్ణపు పదార్థం కలుపుతారు. చాకిరేవులో తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టే. పసుపు మీద నీలి ఛాయ పడి కంటికి తెలుపుగా తోస్తుంది. కొద్ది గంటల మాయ. హాని లేదు గనుక నాకు దానిమీద కోపం లేదు.

చెల్లెలు పట్టుబట్టి నగరంలో ఒక అద్దాల క్లినిక్‌కు తీసుకుపోయింది. అక్కడ మరక ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు. కంప్యూటరు తెరమీద అమ్మాయి ముఖం పెట్టి, దానికి సినిమాతార పలువరుస అతికించి చూపించారు. పై ఎనిమిది పళ్ళకు క్రౌన్లు, పది రోజుల్లో పూర్తి, పెళ్ళికూతుళ్ళకు రాయితీ. క్రౌను తొడగాలంటే ముందు పన్నును చుట్టూ ఒక మిల్లీమీటరో ఒకటిన్నరో అరగదీయాలి. పుచ్చిపోయిన పంటికో విరిగిన పంటికో అది రక్షణే. ఈ అమ్మాయి పళ్ళు గట్టివి, రంగే బాగాలేదు. అరగదీసిన పన్ను బతికినంతకాలం తొడుగు కిందనే ఉండాలి, తొడుగేమో పదీ పదిహేనేళ్ళకు మార్చవలసి రావచ్చు. ఇరవై అయిదేళ్ళ పిల్ల జీవితంలో ఎన్నిసార్లో లెక్క వేయండి. అందం కోసం చేసే పనులన్నిటినీ నేను తప్పుపట్టను. తిరిగి తెచ్చుకోలేనిదాన్ని పది రోజుల తొందరలో, తెరమీది బొమ్మను చూసి ఇచ్చెయ్యడం మాత్రం నాకు సమ్మతం కాలేదు. అన్నాచెల్లెళ్ళం రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా.

మూడవ రోజున అమ్మాయే మరొక దంతవైద్యురాలి పేరు కనుక్కున్నది. ప్రభుత్వోద్యోగం చేసి విరమించిన పెద్దావిడ. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఊరమ్మా? ఎన్నేళ్ళొచ్చేదాకా ఏ నీళ్ళు తాగావు?" ఆ తరువాతే నోరు తెరవమన్నారు. ముందు పళ్ళు శుభ్రం చేసి పైగార తీసేశారు. అప్పుడుగాని లోపలి గార ఎంతో తేలలేదు. ఒక దవడపంటికి పుచ్చు ఉంటే పూడ్చారు, మందు ఆ సందులోంచి లోపలికి దిగకూడదు గనుక. తరువాత పళ్ళకు అచ్చు తీసి పలుచటి ట్రేలు చేయించి, నూటికి 10 పాళ్ళ కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్న జెల్ ఇచ్చారు. రాత్రి పడుకునే ముందు చుక్కలుగా వేసి పెట్టుకోవడం, పొద్దున తీసి కడుక్కోవడం.

ఆ జెల్ నోటిలో విడిపోయి సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. అది ఎనామెల్ లోనికి చొరబడి రంగు పదార్థపు అణువులను విడగొడుతుంది. గీకడం లేదు, కరిగించడం కాదు. 1989లో హేవుడ్, హైమన్ అనే ఇద్దరు అమెరికన్ దంతవైద్యులు ప్రకటించిన పద్ధతి ఇది. ఐరోపా సమాఖ్యలో 2012 నుంచి అమలైన నిబంధన ప్రకారం, 0.1 శాతానికి మించి 6 దాకా పెరాక్సైడ్ ఉన్న సరుకును దంతవైద్యుల చేతులమీదుగానే వాడాలి, పద్ధెనిమిదేళ్ళలోపు వారికి ఇవ్వకూడదు. మనవాళ్ళు అదే సరుకును అంగడిలో చూయింగ్ గమ్ కొన్నట్టు కొంటున్నారు.

డాక్టరుగారు ఏదీ దాచలేదు. కొన్నాళ్ళు చన్నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమంటాయి, అప్పుడు ఒకటి రెండు రాత్రులు మానెయ్యాలి. గోధుమ మరక తగ్గుతుంది గాని సుద్దమచ్చలు పోవు, పైగా మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గర్భవతులు వాడకూడదు. ముందు రెండు పళ్ళమీది ముదురు చారలకు జెల్ చాలకపోతే, పలుచటి ఆమ్లంలో మెత్తటి రాతిపొడి కలిపి, మిల్లీమీటరులో పదోవంతు మేర పైపొరను తీస్తారు. మేనకోడలు ఊరుకోలేదు. "గిది గూడ గీకుడే గద మేడం?" అన్నది. ఆవిడ నవ్వి, "గీకడమే. ఎంత గీకుతున్నానో నాకు తెలుసు, బొగ్గుకు తెలియదు" అన్నారు.

ఏడు వారాలు పట్టింది. చిక్కటి టీ రంగు చారలు పాలెక్కువైన టీ రంగుకు వచ్చాయి. ముందుపళ్ళ రెండింటికీ ఆ పదోవంతు పని ఒకసారి చేయవలసి వచ్చింది. సుద్దమచ్చలు అక్కడే ఉన్నాయి. వాటిలోకి రెసిన్ ఇంకించి కనిపించకుండా చేసే వైద్యమూ ఉన్నదని డాక్టరుగారు చెప్పారు, అమ్మాయి ఇప్పుడొద్దన్నది. చెల్లెలికి తృప్తి కలగలేదు. "ఇన్ని దినాలు జేస్తె ఇంతేనా అన్నా?" అని ఇప్పటికీ అంటుంది. ఆమె చూపించిన తెరబొమ్మతో పోలిస్తే ఇంతే, నిజమే. పెళ్ళి ఫొటోలలో కొన్నిట నోరారా నవ్వింది, కొన్నిట నోరు మూసుకునే ఉన్నది. ఫొటోగ్రాఫరును మాత్రం పళ్ళ జోలికి పోవద్దని ముందే కట్టడి చేసింది.

మిగిలిన జెల్ నన్ను వాడుకొమ్మని ఇవ్వబోయింది. నా ముందుపళ్ళలో రెండు ఏనాడో క్రౌన్లయినవి. జెల్ వాటిని తెల్లబరచదు, చుట్టుపక్కలవి తెల్లబడితే అవి రెండే పచ్చగా మిగిలిపోతాయి. పైగా నా నవ్వుకు ఇల్లు అలవాటుపడిపోయింది.

కాపురం హైదరాబాదు శివారున ఒక కొత్త కాలనీలో. అక్కడ బోరు నీళ్ళే. సామాను సర్దుకున్న వారంలోనే అమ్మాయి ఒక ప్లాస్టిక్ సీసా నిండా ఆ నీళ్ళు పట్టి పరీక్షకు పంపింది. లీటరుకు 1.8 మిల్లీగ్రాములని వచ్చింది. అత్తగారు ఆ నీళ్ళ రుచి మరే నీళ్ళకూ రాదంటారట. అమ్మాయి వాదించలేదు, ఆర్.ఓ. యంత్రం బిగించి, ఆ కాగితాన్ని వంటింట్లో దాని పక్కనే అంటించింది.