నర్సమ్మ జీపు వెంట

కోజికోడ్

అక్కా,

కోజికోడ్‌లో దిగినవాళ్లను ముందు హల్వా దుకాణాలే పిలుస్తాయి. ఈ ఉత్తరం మాత్రం మెడికల్ కాలేజీ వైపుది. 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వాళ్ల మిత్రులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టింది ఇక్కడే. ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అనిపించుకున్న క్యాన్సర్ రోగుల నొప్పి తగ్గించడం వాళ్లు తలకెత్తుకున్న పని.

క్లినిక్ బాగానే నడిచింది. చిక్కల్లా ఏమిటంటే, అందరికన్నా ఎక్కువ బాధపడేవాళ్లే అక్కడిదాకా రాలేరు. మంచాన పడ్డ మనిషిని గతుకుల దారిలో తెస్తే ఉన్న నొప్పి రెట్టింపవుతుంది. దాంతో వైద్యమే ఊళ్లలోకి కదిలింది. మలప్పురం జిల్లాలో టీచర్లు, దుకాణదారులు, కాలేజీ పిల్లలు శిక్షణ తీసుకుని, మంచాన పడ్డ ఇరుగుపొరుగుల్ని చూసుకోవడం మొదలుపెట్టారు. కొట్లలో పెట్టిన చందా డబ్బాలతోనే ఖర్చులు చాలావరకు గడిచేవి.

మలయాళీల మంచితనం గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లున్నారు. మంచితనానికి మన ఊళ్లలో మాత్రం ఏం కొదవ? వీళ్లు అదనంగా చేసిందల్లా ఒకరి పని ఎక్కడ ఆగుతుందో, అక్కడినుంచి ఎవరు అందుకోవాలో తేల్చుకోవడం.

మలప్పురం జిల్లా

అక్కా,

పంచాయతీ హోమ్‌కేర్ జీపులో నర్సు, ఆశా కార్యకర్త, ఒక వాలంటీరు. వార్డు మెంబరు దారిలో ఎక్కాడు. రబ్బరు తోటల మధ్య పెంకుటింట్లో నోటి క్యాన్సరుతో ఉన్న పెద్దాయన. పుండు చెంపను తొలిచేసింది. నర్సు దాన్ని సెలైన్‌తో కడిగి, మెట్రోనిడజోల్ బిళ్లలు మెత్తగా పొడి చేసి పైన చల్లింది. పుండు మానడానికి కాదు, వాసన ఆగడానికి. వాసన తగ్గితే మనవలు మళ్లీ తాత పక్కన కూర్చుంటారు. చవకైన మందు, పెద్ద ఫలితం.

తర్వాత నొప్పి తగ్గించే మార్ఫిన్ బిళ్లలు లెక్కపెట్టింది. నాలుగు గంటలకు ఒకసారి వేస్తున్నారా? విరేచనం సాఫీగా అవుతోందా? మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు కాబట్టి దానికీ తోడుగా మందు ఇస్తారు. అన్నీ నోటుపుస్తకంలో రాసి, పుస్తకాన్ని ఆ ఇంట్లోనే వదిలింది. రేపు నొప్పి ముదిరి తాలూకా ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరు కథ మొదటినుంచీ అడగక్కర్లేదు.

ఈలోగా వార్డు మెంబరు వంటింటి గుమ్మంలో కోడలితో మాట్లాడుతున్నాడు. రేషన్ బియ్యం వస్తున్నాయా, పిల్లల ఫీజు కట్టారా, పింఛను కాగితం ఎక్కడ ఆగింది? రోగి కింద ఉన్న వాటర్‌బెడ్ పక్క వీధిలో ఒకరికి వాడి, తిరిగొచ్చినది.

ఇదంతా చందాలతోనే సాగేది కాదు. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కు విధానం ప్రకటించింది. పంచాయతీ నిధులతో నర్సు, పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన తాలూకా, జిల్లా ఆసుపత్రులు, అవసరమైతే మెడికల్ కాలేజీ. ఎక్కడైనా మెట్లు కట్టేది సర్కారే. ఇక్కడి విశేషమల్లా కింది మెట్టు ఇంటి గుమ్మం దాకా ఉండటం.

తిరువనంతపురం

అక్కా,

రాజగోపాల్ గారు 2003లో స్థాపించిన పాలియేటివ్ కేర్ సంస్థ పాలియం ఇండియా ఈ ఊళ్లోనే ఉంది. మార్ఫిన్ కోసం ఆయన చేసిన పోరాటం ఒక నవలకు సరిపడే కథ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దొంగ వ్యాపారాన్ని పట్టుకోబోయి, నొప్పితో అరిచే రోగిని కూడా పట్టుకుంది. రాష్ట్రానికో తీరు లైసెన్సులు. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు తీరేది. ఈ గొడవతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు ఒకే అనుమతి చాలన్నారు. అయినా అనుమతి అడిగే ఆసుపత్రి ఉండాలిగా!

మన దగ్గరా పని సాగుతోంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ సేవ ఏళ్లుగా ఉంది. తెలంగాణలో ‘ఆలన’ బళ్లు ఇళ్లకు వెళ్తున్నాయి. అది తక్కువ సంగతేం కాదు. కానీ జిల్లా కేంద్రంలో బయల్దేరిన బండికి మారుమూల తండాకు పోయి రావడంతోనే పూట గడిచిపోతుంది. కేరళ నర్సమ్మ జీపు తిరిగేది తన పంచాయతీలోనే.

తిరుగు ప్రయాణానికి శబరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఖరారైంది. మీ మామగారి కోసం, వాళ్ల మండలానికి ఆలన బండి ఏ వారం వస్తుందో ఆశా కార్యకర్తనడిగి ఉంచు. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు ఒక్కచోట పెట్టు.