రెండు గడియారముల నడుమ

రాయచూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గముపై మట్మారి యొక చిన్న స్టేషను. 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, నాడు మైసూరు రాష్ట్రమున కలిసిన సీమ ఇది. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు పలుకుచు ఇచ్చటనే పెరిగితిమి. మెట్రిక్ దాటి చదువలేదు. ముప్పదియెనిమిదేండ్లు ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా చిట్టా, ఆవర్జా వ్రాసి విశ్రాంతి గైకొంటిమి. ఇట్టి మేము చిప్పులను గూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వవచ్చును. కాని ఆ విద్య మా పాత లెక్క నొకదానిని తిరిగి తెరచినది. అందుచే వ్రాయక తప్పలేదు.

మా కుమారుడు హైదరాబాదులో ఇంజనీరు. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఇ.సి.ఐ.ఎల్. వెలసిన నాటినుండి ఆ నగరమున ఎలక్ట్రానిక్ విద్యకు నిలువ నీడ కలిగినది. “నీ పని యేమి నాయనా?” అని యడిగితిమేని, “ఇతరులు చిప్పులలో వేసికొన్న చిక్కుముళ్ళు విప్పడం నాన్నా” అనును. ఆ చిప్పును ఎఫ్.పి.జి.ఏ. అందురు. సామాన్యమైన చిప్పు శిలాశాసనము వంటిది; చెక్కిన పిదప అక్షరము మారదు. ఇదియో, పలక వంటిది. కర్మాగారము విడిచిన పిమ్మట సైతము, కొన్నవాడు తనకు వలసిన తర్కమును దానిపై వ్రాసికొనవచ్చును, తుడిచి మరల వ్రాయవచ్చును. అమెరికాలో రాస్ ఫ్రీమన్ అను నాతడు మరి యిద్దరితో కలిసి 1984లో జైలింక్స్ సంస్థను స్థాపించెను. 1985లో వారి మొదటి చిప్పు వెలువడెను. అందు 64 తర్కఖండము లుండెను. నేటి పెద్ద చిప్పులలో అవి లక్షల సంఖ్యలో నున్నవి. ఆ సంస్థ 2022లో ఎ.ఎం.డి.లో కలిసినది. హైదరాబాదున దానికి గల పెద్ద కేంద్రములో మన తెలుగు బిడ్డలనేకులు పనిచేయుచున్నారు. మా వాని కొలువు మాత్రము వేరొక చిన్న సంస్థలో.

ప్రతి ఖండములోను ఒక చిన్న పట్టిక యుండును. ఇట్టి ప్రశ్న వచ్చిన ఇట్టి జవాబీయవలెనని అందు వ్రాసియుండును. మేము మిల్లులో బల్లపై నుంచుకొన్న రెడీ రెకనరు వంటిదే యది.

2021 దసరాకు వాడు ఊరికి వచ్చియుండగా ఫోను మ్రోగినది. కదలు పట్టీపై పోవు పొట్లములను తూచు యంత్రమును చేయు చోటునుండి ఆ పిలుపు. రెండుమూడు దినముల కొకసారి యంత్రము అర్థము లేని సంఖ్య చూపుచున్నదట. కంప్యూటరుపై పరీక్షించిన అంతయు సరిగానే యున్నదట. తీగెలు సరిగా కలుపలేదని అచ్చటి కుర్రవాని నొకనిని నిందించుచున్నారట.

మా వాడు తొందరపడలేదు. “అన్ని యంత్రాల్లోనూ వస్తోందా, ఒక్కదానిలోనేనా? చివరగా ఏమి మార్చారు?” అని యడిగెను. తప్పునకు సంబంధింపని భాగము నొక్కొక్కటిగా తీసివేసి, ఇంకను తప్పు నిలిచియున్నదేమో చూడుమనెను. మూడుదినము లట్లు చేయగా చిక్కు దొరికినది. తూకము కొలుచు భాగమునకొక గడియారము, దానిని చదువు భాగమునకు వేరొక గడియారము. రెండును కలిసి నడువవు. మన అంకెలతో చెప్పవలెనన్న, 1999 పోయి 2000 వచ్చు క్షణముననే అవతలివాడు చూచినచో, సగము పాతది సగము క్రొత్తదియై 2999 కనబడును. వ్రాయుచున్న పుటను వ్రాత ముగియకమునుపే చదివినట్లు. ఆ క్షణము చిక్కుట అరుదు. కావుననే తప్పు దినములకొలది దాగియుండెను. దీనికి మందు, సంఖ్యను కదలక పట్టియుంచి, అవతలివాడు అందుకొంటినని చెప్పిన పిదపనే మార్చుట. ఒంటి పట్టాల మార్గమున టోకెను చేతికందనిదే బండి కదలరాదను పాత కట్టుబాటు వంటిదే.

అంతటితో ముగిసినచో ఈ వ్యాసముండదు. ఆ రాత్రి వాడు అన్నము ముట్టలేదు. ఆరునెలలకు ముందు అదే రచన తన పరిశీలనకు వచ్చెననియు, బాగున్నదని తానే చెప్పి పంపితిననియు పలికెను. “తప్పు దొరికింది, దిద్దావు. పాత మాట ఇప్పుడెవరడుగుతారు? ఊరుకో” అంటిమి. వాడు మా వంక చూచి, “అక్కడొక పిల్లవాడి మీద నింద ఉంది నాన్నా. నేను చెప్పకపోతే అది పోదు” అని, ఉత్తరము వ్రాసి పంపెను. పైవారు కఠినముగ రెండు మాటలనిరి. ఉద్యోగమునకు ముప్పు రాలేదు.

మాకు మాత్రము నిదుర పట్టలేదు. 1991లో మా మిల్లు గిడ్డంగిలో 27 బేళ్ళు తక్కువ వచ్చినవి. తూకము వేయు మనిషిని అనుమానించి పనినుండి తీసివేసిరి. తేడా తొమ్మిదిచే నిశ్శేషముగ భాగింపబడిన, అంకెలు తారుమారైనవేమో చూడవలెనని ప్రతి గుమాస్తా యెరుగును. ఇరువదియేడు అని విన్ననాడే మా గుండె ఝల్లుమన్నది. చిట్టాలో లారీకెక్కిన బేళ్ళు 63. ఆవర్జాలో మేము వ్రాసినది 36. పుటను దిద్దితిమి. నోరు విప్పలేదు. అతడు కూలికి పోవుట చూచియు ముప్పదియేండ్లు ఊరకుంటిమి.

కుమారుడు తిరిగి వెడలిన మరునాడు అతని యిల్లు వెదకికొని పోతిమి. అతడు పోయి అప్పటికి నాలుగేండ్లైనది. భార్య మంచినీళ్ళిచ్చినది. చిట్టాలో నేమున్నదో, ఆవర్జాలో నేమి వ్రాసితిమో అంతయు చెప్పితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. పిదప లోపలికి తిరిగి మనుమని పిలిచి, “ఇంకోసారి చెప్పండి సారూ. మా పిల్లోడు గూడ వినాల” అనినది.

మరల చెప్పితిమి. మొదటిసారికంటె రెండవసారి చెప్పుటయే కష్టమైనది.

మన సంఘమందలి యువకులలో పలువురు ఇట్టి విద్యలలో నున్నారు. చిక్కు విప్పు నేర్పు మీకు గురువులు నేర్పుదురు. విప్పిన పిమ్మట అందు మీ వ్రేలున్నచో, ఆ మాట వెంటనే చెప్పుడు. మావలె ముప్పదియేండ్లు ఆగినచో, వినవలసినవారు ఉండకపోవచ్చును.