పులి-మేకయు, ఎక్స్‌కామ్ 2ను

మహబూబాబాదు దాపునగల మా తాతగారి యూరిలో చావడి యరుగుబండపై పులి-మేక గీతలు చెక్కబడియున్నవి. మూడు పులులు, పదునైదు మేకలు. మేక వెనుక చోటు ఖాళీగా నున్నచో పులి దానిమీదుగా దుమికి చంపును. వెనుక తోడుమేక నిలిచియున్నచో నేమియు జేయజాలదు. లెక్కలకంటె ముందుగా నాకు వచ్చిన విద్య యిది. తాతగారి కట్టుబా టొక్కటే: కాయనుండి వ్రేలు దీసిన పిదప ఎత్తు వెనుకకు దీసికొనరాదు. ఏడ్చినను సరే. నే నేడ్చిన దినములును గలవు.

ఈ మాట లిప్పుడేల యనగా, మొన్నటి దసరా సెలవులలో నేను జనగామనుండి భూపాలపల్లికి మేనమామగారి యింటికి బోయి, వారి కంప్యూటరుపై ఎక్స్‌కామ్ 2 అను నాటను పదునొకండు దినము లాడితిని. దానినిగూర్చి వ్రాయుమని తోడి విద్యార్థులు కోరిరి.

జూలియన్ గొల్లాప్ అను నాంగ్లేయుడు తన సోదరునితో గూడి కల్పింపగా 1994లో వెలువడిన యొక పాత యాటకు ఇది సంతతి. 2012లో ఫిరాక్సిస్ సంస్థవారు దానిని పునరుద్ధరించిరి; 2016లో ఈ రెండవది వచ్చినది. కథాకాలము 2035. అన్యగ్రహవాసులు మన భూమిని జయించి యిరువదియేండ్లు గడచినవి. విశేషమేమన, పట్టణములు పాడుపడలేదు. వీథులు నిగనిగలాడుచుండును, వైద్యశాలలలో రోగములు మాన్పబడుచుండును, జనులు సంతుష్టులు. అయితే ఆ వైద్యశాలలకు బోయినవారిలో కొందఱు తిరిగి రారు. నాకు భూతముల కథలకంటె నిదియే యెక్కువ భయము గొలిపినది.

మనము దాగియున్న తిరుగుబాటుదారులము. మన కడ నలుగురైదుగురు సైనికు లుందురు. వంతు వచ్చినపుడు ఒక్కొక్కనికి రెండేసి పనులు: నడచుట, కాల్చుట, లేక శత్రువు కదలినప్పుడు కాల్చుటకై పొంచియుండుట. గోడనో, బండినో, చెట్టునో మాటు చేసికొనవలెను. సగము మాటున నున్నవానిపై శత్రువు గుఱి నూటికి 20 పాళ్లు, నిండు మాటున నున్నవానిపై 40 పాళ్లు తగ్గును. ప్రక్కకు దిరిగి వచ్చిన శత్రువునెదుట ఆ మాటు పనికిరాదు. అనగా వెనుక తోడులేని మేకయే! చచ్చినవాడు మరల రాడు. వాని పేరు స్మారకఫలక మెక్కును.

సైనికులకు మనకు దోచిన పేర్లు పెట్టవచ్చును. చక్కగా గుఱిచూచు వానికి నేను మామయ్య పేరు పెట్టితిని. మామయ్య సింగరేణివారి భూగర్భగనిలో పనిచేయుదురు. ఆ వారము వారిది రాత్రి షిఫ్టు. తెల్లవారి యింటికి వచ్చి, టీ త్రాగుచు నా వెనుక గూర్చుండెడివారు. "అడుగు వేయకమున్ను కప్పు తట్టి చూడవలెనురా" యనుట వారి వాడుక. గనిలో కడ్డీతో పైకప్పును దట్టి, ధ్వని గట్టిగా నున్నదో, బోలుగా నున్నదో విని, పిదపనే ముందునకు బోవుదురట.

శనివారముదయమున ఒక పని ముగించుటకు రెండు వంతులే మిగిలినవి. (ఈ యాటలో పెక్కు పనులకు ఇన్ని వంతులని గడువు కలదు, పలువు రాటగాండ్రు దానిని నిందించిరి.) తెరపై గుఱి నూటికి 85 అని కనబడినది. మామయ్య పేరిటివానిని మాటు విడిపించి ముందునకు బంపితిని. గుఱి తప్పినది. శత్రువు వంతు వచ్చినది.

నేను వెంటనే పాతస్థితినుండి మరల మొదలిడుటకు చేయి సాచితిని. యంత్రము దాని కొప్పుకొనును. అయితే అవే పనులు అదే వరుసను జేసినచో అదే గుండు మరల దప్పును. వరుస మార్చి దానిని మోసగింపవలెను. ఆ యుపాయము నా కప్పటికే తెలియును. వెనుకనుండి మామయ్య, "తాత చూచిన నేమనునురా?" యనిరి. చేయి వెనుకకు దీసికొంటిని. వారి పేరు ఫలకముపై నెక్కినది. వారు దానిని జదివి నవ్విరి. అత్తయ్య నవ్వలేదు.

ఈ యాటలో నాకు దోచిన గట్టి దోష మొకటి కలదు. సులభమైన శ్రేణులలో తెరపై చూపు పాళ్లకంటె లోపల నాటగానికి మేలుగా లెక్కించును. ఆ సంగతి చెప్పదు. పిల్లల నోడించుట కిష్టపడని పెద్దలు ఇట్లే చేయుదురు. మా తాతమాత్రము ఎన్నడును జేయలేదు. ఎత్తు వెనుకకు దీసికొనరాని 'ఐరన్‌మాన్' పద్ధతియు నిందు గలదు. ఆ పద్ధతి నాడినవాడే ఈ యాట నాడినవాడని నా యభిప్రాయము. నెత్తురును, చావును గలది గనుక చిన్న తరగతులవారికి దగదు. గడువుల విషయమున మామయ్యకును నాకును వాద మింకను దీరలేదు: తొందరపెట్టునది మంచి యాట కాదని వారు, గడువు లేకున్న నేను మాటునుండి కదలనే కదలనని నేను.

సోమవారమునుండి మామయ్యకు మొదటి షిఫ్టు. చీకటితో లేచి, టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరిరి. అత్తయ్య గుమ్మమున నిలిచి, వారు వీథిమలుపు దాటువఱకు జూచినది. నాడు వారు తిరిగి వచ్చువఱకు నేను కంప్యూటరు తెరువలేదు.