డీజిల్ బండి మనకు గిట్టునా?



మన పల్లెలలో ఎద్దులబండి కనబడుట అరుదైపోయింది. దాని స్థానములోకి చిన్న సరుకు బండి వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు, ఎదిగిన కుమారుడును కొంచెము పంటయు ఉన్న ప్రతి ఇంటిలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట రాక తప్పదు: మనమూ ఒక బండి కొందామా? కొంటే డీజిల్‌దా, పెట్రోలుదా? షోరూములో అడిగితే ఒక జవాబు, మెకానిక్‌ను అడిగితే ఇంకొక జవాబు వస్తుంది. మా ఇంటిలో ఈ ప్రశ్న 2025లో ఎనిమిది నెలలు నడిచింది. అప్పుడు మేము వేసిన లెక్కలు ఇతర కుటుంబాలకు పనికివచ్చునేమోనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాకు నాలుగు ఎకరాలు. రెండింటిలో టమాటా, వాన పడితే మిగతా దానిలో వేరుశనగ. మా ఊరికి మదనపల్లె టమాటా మార్కెటు 14 కిలోమీటర్లు. కోతల దినాలలో బాడుగ బండి కొరకు గట్టు మీద కాచుకొని కూర్చోవాలి. బండివాడు ముందు పెద్ద రైతుల కాయ ఎక్కించుకుంటాడు, తరువాతనే మా దగ్గరకు వస్తాడు. వాడిని తప్పుపట్టలేము, వాడి గిరాకీ వాడిది. కాని మా కాయ మండీకి చేరేసరికి వేలము జోరు తగ్గిపోయి, క్రేటుకు ఇరవై ముప్పై రూపాయలు అక్కడే పోతాయి.

మావాడికి 26 ఏండ్లు. ఐటీఐ చదివి, బెంగుళూరులో రెండేండ్లు డ్రైవరుగా చేసి, అక్కడి గది అద్దె కట్టలేక ఇంటికి వచ్చాడు. "నాయనా, బండి ఉంటే ఈడనే ఉంటా. మన కాయ మనమే తోలుకుంటాము, మిగతా దినాలు బాడుగకు పోతా" అన్నాడు. బండి లేకపోతే మరల బెంగుళూరికే. డౌన్ పేమెంటుకు లక్షన్నర కావాలి. వాడు కూడబెట్టినది అరవై వేలు. మిగతాదానికి ఇంటిలో ఉన్నది వాళ్ల అమ్మ నాలుగు సవరాల బంగారమే. ఆ బంగారము మా చిన్నమ్మాయి నర్సింగు చివరి సంవత్సరపు ఫీజు నిమిత్తము తీసిపెట్టినది. గనుక డీజిలా పెట్రోలా అన్నది మాకు ఊసుపోక కబురు కాదు.

2023 జూలైలో మదనపల్లెలో కిలో టమాటా 100 రూపాయలు దాటిపోయింది. ఆ ఊపులో మా చుట్టుపట్ల అనేకులు బండ్లు కొన్నారు. ధర కొన్ని వారాలే నిలిచింది. బండి వాయిదాలు మాత్రము నాలుగేండ్లు నిలుస్తాయి.

నా మనస్సు మొదటినుండి డీజిల్ వైపే. మా నాయన బావి మీద అయిదు హార్సుపవరు ఆయిలింజను ఉండేది. హ్యాండిలు పెట్టి ఇద్దరము తిప్పితే గుప్పుమని పొగ చిమ్మి లేచేది. ఒకసారి లేచిందంటే రాత్రంతా నీరు పోసేది. ఆ ఇంజను మీద మాకు కుటుంబ సభ్యుని మీద ఉన్నంత నమ్మకము. కాని అభిమానము వేరు, గిట్టుబాటు వేరు. అందుచేత మెకానిక్ పని తెలిసిన మా బావమరిదిని పిలిచి కూర్చోబెట్టుకున్నాను.

అతడు చెప్పినది ఇది. పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వెళ్లి, స్పార్క్ ప్లగ్గు ఇచ్చే నిప్పురవ్వతో అంటుకుంటాయి. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని దాదాపు 16వ వంతుకో 18వ వంతుకో కుదించితే అది కణకణ కాగిపోతుంది. దానిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. పెట్రోలు ఇంజనులో ఈ కుదింపు రమారమి 10వ వంతు వరకే. ఎక్కువ కుదించినందున అదే ఇంధనముతో ఎక్కువ పని జరుగుతుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటె శక్తి కూడ నూటికి పది పైచిలుకు ఎక్కువ. అయితే అంత ఒత్తిడికి తాళాలంటే ఇంజను గోడలు మందముగా ఉండాలి, పంపూ ఇంజెక్టర్లూ మిక్కిలి సన్నని పనితనముతో చేయాలి. బండి ఖరీదు పెరిగేది అక్కడే. ఇంజెక్టరు చెడితే జేబు చిరిగేదీ అక్కడే.

ఈ ఇంజనును రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు కనిపెట్టి 1897లో ఆగ్స్‌బర్గులో చక్కగా నడిపించి చూపాడు. 1900లో పారిసు ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారట. ఈ సంగతి చెప్పినప్పుడు నా భార్య, "అట్లయితే మన చెనిక్కాయ నూనె పోసి తోలుకోండి, బంకు ఖర్చయినా మిగుల్తాది" అన్నది. ఇప్పటి ఇంజనులో పోస్తే ఇంజెక్టర్లు మూసుకుపోతాయని మా బావమరిది కంగారుపడి చెప్పాడు. ఆమె నవ్వులాటకే అన్నది.

పెద్దలు చాలామంది డీజిల్ అంటే చవక అనే తలంపులోనే ఉన్నారు. అది ఒకప్పటి మాట. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలుండగా డీజిల్ 41 రూపాయలే. ప్రభుత్వము డీజిల్ ధరను అదుపులో ఉంచిన కాలమది. 2014 అక్టోబరులో ఆ అదుపు ఎత్తివేశారు. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలు ధరను దాటింది కూడ. మేము లెక్క వేసిన 2025 ఏప్రిల్‌లో మా బంకులో పెట్రోలు రమారమి 110, డీజిల్ 98. తేడా పన్నెండు రూపాయలే. కర్ణాటకలో అప్పుడు డీజిల్ ధర ఇంకా తక్కువ గనుక చింతామణి వైపు పోయే బండ్లవారు అక్కడే ట్యాంకు నింపుకొని వచ్చేవారు.

రెండవ సంగతి, 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్-6 నియమము. దానివలన డీజిల్ బండ్ల పొగను శుద్ధి చేసే సామగ్రి పెరిగింది. చాలా బండ్లలో పొగగొట్టములో మసిని పట్టే జల్లెడ వంటిది ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనలోనే కాల్చుకోవాలి. అందుకు పొగ బాగా వేడెక్కాలి, అనగా బండి ఆగకుండ కొంతసేపు వేగముగా నడవాలి. ఊరినుండి మార్కెటుకు 14 కిలోమీటర్లు, అందులో సగము గుంతలు, మిగతా సగము గేటు దగ్గర వరుస. ఇటువంటి తిరుగుడులో ఆ జల్లెడ నిండిపోతుంది, మీటరులో దీపము వెలుగుతుంది, బండి లాగదు. మా నాయన ఆయిలింజనుకు ఈ బాధ లేదు. దాని మసి అంతా మా కొబ్బరిచెట్టుకే పట్టేది.

ఇక అసలు లెక్క. మేము చూచిన రెండు బండ్లూ ముక్కాలు టన్ను మోసేవే, అనగా 25 కిలోల క్రేట్లు 30. డీజిల్‌ది 1,20,000 రూపాయలు ఎక్కువ. షోరూములోని అబ్బాయి కాగితము మీదున్న మైలేజీ చదివి వినిపించాడు. నేను మార్కెటు గేటు దగ్గర రెండు ఉదయములు నిలబడి డ్రైవర్లనే అడిగాను. సరుకుతో పెట్రోలు బండి లీటరుకు 12, 13 కిలోమీటర్లు, డీజిల్ బండి 17, 18 అని చెప్పారు. ఆ చొప్పున పెట్రోలు బండికి కిలోమీటరుకు 8 రూపాయల 80 పైసలు, డీజిల్‌కు 5 రూపాయల 60 పైసలు. మిగులు 3 రూపాయల 20 పైసలు.

మా సొంత పనులకు బండి ఏడాదికి ఎంత తిరుగుతుంది? మార్కెటుకు రానుపోను 28 కిలోమీటర్లు, 120 సార్లు. ఎరువులు, దాణా, తక్కిన పనులు కలిపితే 5,000 కిలోమీటర్లు. మిగులు 16,000 రూపాయలు. ఎక్కువ పెట్టిన లక్షా ఇరవై వేలకు నూటికి పది చొప్పున వడ్డీయే 12,000. నికరముగా నిలిచేది 4,000. ఆ చొప్పున అసలు తిరిగి రావడానికి ముప్పై ఏండ్లు! అప్పటికి మావాడికి 56 వస్తాయి. డీజిల్ సర్వీసు ఖర్చు ఎక్కువ అన్నది కలిపితే అదీ రాదు.

నా భార్య చదివినది అయిదవ తరగతి. లెక్క విని ఆమె, "డీజిల్ వద్దు అంటున్నారు సరే. పెట్రోలుదైనా ఎందుకంట?" అని అడిగింది. మేము క్రేటుకు 15 రూపాయల చొప్పున ఏడాదికి ఇచ్చే బాడుగ 54,000. సొంత బండికి వడ్డీ, పెట్రోలు, ఇన్సూరెన్సు కలిపితేనే లక్ష దాటింది. వేలానికి వేళకు చేరుట వలన వచ్చే లాభము కలుపుకున్నా సరితూగలేదు. మా కాయ తోలుకోవడానికి మాత్రమే అయితే ఏ బండీ అక్కరలేదని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. మిగిలినదల్లా మావాడు చెప్పే బాడుగలు నిజముగా వస్తాయా అన్నదే.

వాడి లెక్కలో వారానికి మూడు బెంగుళూరు బాడుగలు. మదనపల్లెకు బెంగుళూరు రమారమి 120 కిలోమీటర్లు, రానుపోను 240. ఆ చొప్పున ఏడాదికి 36,000 కిలోమీటర్లు. అది నిజమైతే డీజిల్ ఏడాదిన్నరలోపే గిట్టుతుంది. కాని వాడు ప్రతి బాడుగకూ 50 క్రేట్లు వేసుకున్నాడు. "అందరూ వేస్తారు నాయనా" అన్నాడు. అందరూ వేస్తున్న మాట నిజమే. భాకరాపేట కనుమలో ఆ బండ్లు మూలుగుతూ ఎక్కడమూ, బ్రేకులు కాలిన వాసనతో దిగడమూ నేను చూశాను. ముక్కాలు టన్ను బండికి ముక్కాలు టన్నే వేసి మరల లెక్క కట్టమన్నాను. వాడి ముఖము చిన్నబోయింది గాని కట్టాడు.

ఇంతలో ఇంకొక సంగతి వచ్చింది. బండి కొంటే కూడికలకు, పెండ్లిండ్లకు సంఘస్థులను ఎక్కించుకొని పోవచ్చునని ఇద్దరు ముగ్గురు సంతోషించారు. వారి సంతోషమును కాదనుటకు కష్టముగానే ఉండెను. కాని సరుకు బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము. జరగరానిది జరిగితే పరిహారపు భారము యజమాని నెత్తిన పడుతుంది. పోయిన ప్రాణము ఎటూ రాదు. మా బండిలో బెంచీలూ వంటపాత్రలూ వస్తాయి, మనుష్యులు రారని ముందే చెప్పివేశాము.

సీఎన్‌జీ బంకు మా దారిలో లేదు. చిన్న కరెంటు బండ్లు ఒకసారి చార్జింగుతో బెంగుళూరు పోయి రాలేవు. వాటిని పక్కన పెట్టాము.

చివరకు చేసినది ఇది. బండి కొనకుండ, మావాడు మే నుండి అక్టోబరు వరకు వేరొకరి డీజిల్ బండికి డ్రైవరుగా చేరాడు. జీతము ఎట్లున్నా ప్రతి ట్రిప్పూ ఒక నోటు పుస్తకములో వ్రాయాలన్నది మా ఒప్పందము: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, ఎంత బాడుగ, ఖాళీగా తిరిగివచ్చినది ఎన్నిసార్లు. వాళ్ల అమ్మ ప్రతి ఆదివారము సాయంత్రము ఆ పుస్తకము చదివించుకొని వినేది. ఖాళీ తిరుగుళ్ల సంగతి ఆమెకే ముందు తట్టింది. బెంగుళూరునుండి వచ్చేటప్పుడు దారిలో ఏదైనా సరుకు వేసుకు రమ్మని చెప్పింది ఆమెయే. ఆ తరువాత నాలుగింట ఒకసారి తిరుగు బాడుగ దొరకసాగింది.

ఆరు నెలలలో వచ్చినది 9,400 కిలోమీటర్లు. వాడు అనుకున్నదానిలో సగము కొంచెము పైన. తరువాతి ఆరు నెలలు అందులో సగమే వస్తుందని పట్టుకున్నాము. దానికి మా సొంత పని 5,000 కలిపితే ఏడాదికి 19,100. డీజిల్ వలన మిగులు 61,000 రూపాయలు. వడ్డీ 12,000, ఎక్కువ సర్వీసు ఖర్చు 10,000 తీసివేస్తే 39,000. అనగా ఎక్కువ పెట్టినది మూడేండ్లలో వస్తుంది. వాయిదాలు నాలుగేండ్లు. వాయిదాలు తీరకముందే అసలు తిరిగివస్తే డీజిల్, లేకుంటే పెట్రోలు అని మొదటనే గీత గీసుకున్నాము గనుక ఇక వాదన లేదు. బెంగుళూరు దారి పొడవు గనుక మసి జల్లెడకూ మంచిదే.

ఆగినందువలన వేరొక మేలు కూడ కలిగింది. 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గింది. రెండు బండ్ల మధ్య తేడా కూడ కొంత తగ్గింది. ఆ ఆరు నెలల జీతములో మావాడు మిగిల్చినది వాడి అరవై వేలకు చేరింది. డౌన్ పేమెంటుకు ఇంకా తక్కువైనది వేరుశనగ అమ్మి సర్దాము. బంగారము జోలికి పోలేదు. నవంబరులో దానిని కుదువ పెట్టి చిన్నమ్మాయి ఫీజు కట్టాము.

మా తోడల్లునికి వాయల్పాడు దగ్గర పాడి ఉన్నది. దినమునకు రెండు పూటలు పాలకేంద్రమునకు ఆరు కిలోమీటర్లు, అంతే. మా లెక్క చూచి అతడు, సగము వాడిన పెట్రోలు బండి ఒకటి తక్కువలో కొనుక్కున్నాడు. అతనికి అదే సరి.

మా డీజిల్ బండి డిసెంబరులో వచ్చింది. మొదటి నెల పుస్తకములో 1,640 కిలోమీటర్లు, 94 లీటర్లు. ఆ నెలలో తొమ్మిది దినాలు బండి ఇంటి ముందే నిలబడింది. ఆ దినాలు కూడ వ్రాయించింది వాళ్ల అమ్మ.