పాత రాతలకి ఓ దారి

2007లో రాయడం మొదలెట్టాను. ఇప్పటికి 312 టపాలు తేలాయి. ఇన్నీ ఎక్కడున్నాయయ్యా అంటే, పక్కన ఓ నెలల పట్టీలో. 2009 మార్చి (4), 2009 ఏప్రిల్ (2)... ఇలా. సాఫ్ట్‌వేరు తనంతట తానే తయారుచేసి పెట్టే పట్టీ అది. అది చూస్తే నేను ఏ నెలలో బద్ధకించానో తెలుస్తుంది గానీ, ఏం రాశానో తెలీదు. నా బద్ధకంతో చదివేవాళ్ళకి ఏం పని చెప్పండి?

ఈమధ్య మా బాబాయి ఫోన్ చేసి, "ఒరే, మీ నాన్న గురించి రాసినవన్నీ వరసగా చదవాలనుందిరా, ఎక్కడ నొక్కాలి?" అన్నాడు. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆయన మీద రాసినవి మొత్తం తొమ్మిది, పదకొండేళ్ళ మేర చెల్లాచెదురుగా ఉన్నాయి. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని పట్టుకుని "2011 ఆగస్టులో వెతుకు బాబాయ్" అంటామా?

సెర్చ్ ఉందిగా, ఇంకా సూచిక ఎందుకు అంటారేమో. ఇంగ్లీషుకి చెల్లుతుందేమో గానీ, అక్షరానికి అక్షరం పోల్చే సెర్చ్ తెలుగులో చాలాసార్లు చేతులెత్తేస్తుంది. 'ఊరు' అని కొడితే 'ఊళ్ళో', 'ఊరికి' రావు. 'ఇల్లు' అంటే 'ఇంట్లో' దొరకదు. హైదరాబాదు, హైదరాబాద్, హైద్రాబాద్ దానికి మూడు వేరే ఊళ్ళు. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటుంటుంది. అది పెడితే ఒక మాట, పెట్టకపోతే ఇంకో మాట!

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆ తొమ్మిదిట్లో నాకు బాగా ఇష్టమైనది ఓ పాత సైకిలు గురించి. అందులో 'నాన్న' అన్న మాట ఒక్కసారి కూడా రాదు. ఏ సెర్చ్ పట్టుకుంటుంది దాన్ని? ఇవాళ ఏఐకి ఇస్తే 312 టపాల్నీ చిటికెలో విడగొట్టి పెడుతుంది, నిజమే. సైకిలుని మాత్రం 'వాహనాలు' కింద పెడుతుందని నా అనుమానం. అది నాన్న గురించేనని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చెప్పకపోతే ఆ సంగతి నాతోనే పోతుంది.

అందుకే మూడు ఆదివారాలు కూర్చుని సూచిక చేత్తోనే తయారుచేశాను. పెట్టుకున్న నియమాలు ఇవీ:

1. పన్నెండు విషయాలకి మించకూడదు. 'ఇతరములు' అసలు ఉండకూడదు. అందులో పడేసినది మళ్ళీ ఎవరికీ కనబడదు.

2. ఒకటి రెండు విషయాల కిందకి వస్తే రెండుచోట్లా పెట్టాలి. ఇదేం పుస్తకాల అలమరా కాదు కదా, ఒక్కచోటే ఇరికించడానికి.

3. ప్రతి శీర్షిక పక్కన ఒక్క వాక్యం. శీర్షిక ఊరించాలి, వాక్యం విషయం చెప్పాలి.

4. ప్రతిదానికీ సంవత్సరం వెయ్యాలి. 2008 నాటి ఫాంటు చిట్కా పట్టుకుని ఇవాళ ఎవరూ తంటాలు పడకూడదు. మనుషుల గురించినవి పాతవాటితో మొదలవ్వాలి, సాంకేతికమైనవి కొత్తవాటితో.

5. అన్నిటికన్నా పైన, కొత్తగా వచ్చినవాళ్ళకోసం పదే పది.

6. పాత లంకెలు మార్చకూడదు. టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయం మీద ఓ వ్యాసం రాశాడు. ఎవరో ఎక్కడో దాచుకున్న లంకెని తెంపే హక్కు మనకి లేదు.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు చెప్పాడు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది వాటిల్లో నాలుగోది. నెలల పట్టీ రాసేవాడి సమయం ఆదా చేస్తుంది, సూచిక చదివేవాళ్ళ సమయం ఆదా చేస్తుంది. తేడా అంతే.

ఆఫీసులో మనం రాసిన కోడ్‌కి, మనం మానేసిపోయాక వచ్చేవాడికి అర్థమవ్వాలని డాక్యుమెంటేషన్ రాస్తాం (రాయాలి అనుకుంటాం, సరే). సొంత రాతలకి ఆ మాత్రం చెయ్యలేమా? మీవి ఓ యాభై పోగుపడ్డాయా? అయితే ఈ ఆదివారమే మొదలెట్టండి. ముందుగా, మీరు తప్ప ఇంకెవరూ సరిగ్గా పేరు పెట్టలేని వాటితో.