ఒకటే చట్టం, రెండు గడియారాలు

శిక్షపడ్డవాడు చట్టసభలో కూర్చోవచ్చా? కూర్చోకూడదనే అంటాం మేం. మావాడైనా సరే. మా ఓట్లతో గెలిచి మా బస్తీలనే బెదిరించినవాళ్ళు మాకు కొత్తకాదు. వాళ్ళు మజ్‌హబ్‌ను అడ్డం పెట్టుకున్నా వెనకేసుకురాం.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్ళో అంతకు మించో శిక్షపడితే అనర్హత. విడుదలయ్యాక ఇంకో ఆరేళ్ళు పోటీకి పనికిరాడు. అప్పీలు పడేసి సీటు కాపాడుకునే వెసులుబాటును 2013 జులై 10న సుప్రీంకోర్టు కొట్టేసింది. మంచిపని అన్నాం.

2022 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో ఆ చట్టం నడిచిన తీరు చూశాం. ముజఫర్‌నగర్ అల్లర్ల కేసులో ఖతౌలీ బీజేపీ ఎమ్మెల్యే విక్రమ్ సైనీకి రెండేళ్ళ శిక్షపడింది. అదే నెలాఖరున ద్వేషప్రసంగం కేసులో రాంపూర్ ఎమ్మెల్యే ఆజంఖాన్‌కు మూడేళ్ళు. ఆజంఖాన్ సీటు మర్నాడే ఖాళీ అన్నారు. సైనీ సీటు ఖాళీ అనడానికి నెల దగ్గరపడింది. డిసెంబరులో రెండుచోట్లా ఉపఎన్నికలైపోయాయి. 2023 మేలో సెషన్స్ కోర్టు ఆ కేసులో ఆజంఖాన్ నిర్దోషి అంది. అప్పటికే ఆ కుర్చీలో ఇంకొకరున్నారు.

ఆజంఖాన్‌కు వకాల్తా పుచ్చుకోవడం లేదు మేం. ఆయనకు వేరే కేసుల్లో శిక్షలూ పడ్డాయి. మేమడిగేది గడియారం సంగతి. ఉపఎన్నికకు చట్టమే ఆరునెలల గడువిచ్చింది. ఆ లోపలే మొదటి అప్పీలు తేల్చండి. తేలాకే ఎన్నిక పెట్టండి.

కేసుంటే చాలు, పోటీ వద్దనేవాళ్ళూ ఉన్నారు. అక్కడ మాకు భయం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక మా కుర్రాళ్ళనే ఎందరినో పట్టుకుపోయారు. తర్వాత కోర్టు నిర్దోషులంది. కేసుకూ నేరానికీ మధ్య ఎంత దూరముందో ఆ ఇళ్ళ అమ్మలనడగండి. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ళలో మా వాటా జనాభాలో మా వాటాకన్నా ఎక్కువ.

ఇంకో విడ్డూరం వినండి. విచారణ ఖైదీ జైలునుంచి పోటీ చెయ్యొచ్చు, ఓటు మాత్రం వెయ్యలేడు. డబ్బూ మందీ ఉన్నవాడు లోపలినుంచే నామినేషన్ వేస్తాడు. జమానత్‌కు పూచీ దొరకని పంక్చర్ల దుకాణం కుర్రాడికి ఓటూ లేదు. శిక్షపడకుండానే వాడు పౌరుడు కాకుండా పోయాడు. దీన్ని ఇన్సాఫ్ అందామా?

నేరం రుజువైతే మావాణ్ణి మర్నాడే దించండి. మీవాణ్ణీ మర్నాడే దించండి. రుజువు కానివాడికి ఓటివ్వండి. దయ అడగడం లేదు మేం, అందరికీ ఒకే గడియారం అడుగుతున్నాం.