పాత కారుకు కొత్త రేకు

పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని మేస్త్రీ కారు తలుపు మీద ఉంచాడు. అది టక్కున అతుక్కుంది. వెనుక మడ్‌గార్డు మీద ఉంచాడు, అక్కడా నిలిచింది. తలుపు కింద, చక్రానికి జానెడు దూరంలో ఉంచి చేయి తీయగానే అయస్కాంతం జారి నేల మీద పడింది.

"ఇక్కడ కారు లేదండీ మాస్టారూ. ఉత్త పుట్టీ ఉంది" అన్నాడు మేస్త్రీ.

మాస్టారు మారు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన, తండ్రి కారు లోపల ఇంత శూన్యం ఉన్నదని అంతవరకు ఊహించలేదు.

అది 2017 వేసవి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డు. కారు 1968 నాటి అంబాసిడర్ మార్క్ టూ. మాస్టారి తండ్రి డాక్టరు. దివిసీమకు ఎగువన ఉన్న ఒక చిన్న పట్టణంలో ఆయన జీవితమంతా వైద్యం చేశారు. ఆయన పోయిన తరువాత కారు చాలాకాలం పెరటిలో రేకుల పాక కింద నిలిచిపోయింది. పాత ఇనుము కొనేవాడు తూకానికి బేరమాడి వెళ్ళాడు. విదేశంలో ఉన్న తమ్ముడు, "ఇచ్చెయ్యి అన్నయ్యా, దానికి పెట్టే డబ్బుతో కొత్త బండి వస్తుంది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

తల్లి మాత్రం ఒక్కటే అడిగింది. ఆమెకు అప్పటికి ఎనభై ఆరేళ్ళు. "నవంబరు పందొమ్మిదికి నలభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు నన్ను ఆ బండిలోనే అవనిగడ్డ తీసుకువెళ్ళు నాయనా. ఆ తరువాత మీ ఇష్టం."

* * *

నవంబరు పందొమ్మిది అంటే ఏమిటో కృష్ణా డెల్టా వారికి వేరే చెప్పనక్కరలేదు. 1977లో ఆ తేదీన తుపాను వెంట వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. దాదాపు 10,000 మంది ప్రాణాలు కోల్పోయినట్టు ప్రభుత్వ లెక్కలు తేల్చాయి. అంతకంటె ఎక్కువేనని ఆ ప్రాంతపు వారు ఈనాటికీ అంటారు. దారి తెరుచుకోగానే డాక్టరు గారు మందుల పెట్టెలు వెనుక సీటులో వేసుకుని బయలుదేరారు. కొన్ని వారాలపాటు ఆ కారు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఉప్పు బురదలోనే తిరిగింది.

ఉప్పునీరు ఇనుముకు చేసే కీడు వెంటనే కనిపించదు. మామూలు తేమలో నెమ్మదిగా సాగే తుప్పు, ఉప్పు కలిసిన తేమలో చురుకుగా సాగుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, విద్యుద్రసాయన చర్యకు దారి సులభం చేస్తుంది. తలుపుల కింద పొడుగునా ఉండే బోలు పెట్టెల లోపల ఆ బురద పేరుకున్నది. బయట రంగు మెరుస్తూనే ఉంది. లోపల ఇనుము పొరలు పొరలుగా రాలిపోయింది.

మేస్త్రీ ముందు సీట్లు విప్పి, కింది తివాచీ లాగాడు. డ్రైవరు కాళ్ళ దగ్గర నేలకు, రెండు జానల పొడవున ఒక వేరే రేకు రివెట్లతో బిగించి ఉంది. దాని మీద మాసిన నీలిరంగు, సగం చెరిగిన అక్షరాలు.

"డ్రమ్ము రేకు" అన్నాడు మేస్త్రీ. "ఎవరో కమ్మరి చేసిన పని. పనివాడే."

మాస్టారికి గుర్తుకు వచ్చింది. ఉప్పెన తరువాతి నెలలో నేల చిల్లుపడితే, నాన్నగారు ఒక పల్లెటూరి కొలిమి దగ్గర ఆగి, నూనె డ్రమ్ము కోయించి అతుకు వేయించుకున్నారు. ఇంటికి వచ్చి, "కాళ్ళ కింద రోడ్డు కనబడటం మానేసింది" అని నవ్వారు. ఆ అతుకుతోనే బండి మిగిలిన కాలమంతా నడిచింది.

"దీన్ని ఉంచవచ్చునా?" అని అడిగారు మాస్టారు.

మేస్త్రీ స్క్రూడ్రైవరు మొనతో ఆ రేకు నడిమి భాగాన్ని పొడిచి చూశాడు, గట్టిగా ఉంది. అంచు పక్కన పొడిచాడు. మొన లోపలికి దిగిపోయింది. "రేకుకేం కాలేదండీ. దాని కిందున్న అసలు నేలే పోయింది. ఒక దాని మీద ఒకటి కప్పితే రెంటి మధ్యా నీళ్ళు నిలబడతాయి. అక్కడ గాలి తగలదు, ఆరదు. ఆయన చేతికి దొరికిన దానితో చేయించుకున్నారు. అప్పటికి అది ఒప్పు. ఇప్పుడు కోసెయ్యాలి."

* * *

తయారీ ఆగిపోయిన బండికి బాడీ భాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతుంది. ఉత్తరపారలోని కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. ఇక మిగిలేది ఒకటే దారి: రేకు కొని, కోసి, వంచి, సుత్తితో మలచి, పాత రేకుకు అతకడం. అయితే ఏ రేకు?

మాస్టారు ఒక కాగితం మీద తన ఆలోచనలు రాసుకుని వచ్చారు. తుప్పు పట్టని రేకు కావాలి గనుక మొదట స్టెయిన్‌లెస్ స్టీలు. కాకపోతే జింకు పూత పూసిన జి.ఐ. రేకు, అదీ కాకపోతే మామూలు ఇనుప రేకే, కాని బాగా మందమైనది. తండ్రి కారు మళ్ళీ ఎన్నడూ చిల్లుపడకూడదన్నది ఆయన పట్టుదల.

మేస్త్రీ చదువు ఐదవ తరగతితో ఆగింది. కాని ఆ కాగితంలోని ఒక్కొక్క మాటకు ఆయన దగ్గర జవాబు ఉన్నది.

స్టెయిన్‌లెస్ స్టీలు తాను తుప్పు పట్టదు. కాని పక్కనున్న మామూలు ఇనుము పని పడుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తేమలో ఆనుకుని ఉంటే, వాటిలో తక్కువ ఓర్పు గలది తొందరగా క్షీణిస్తుంది. పైగా స్టెయిన్‌లెస్, వేడికి మామూలు ఉక్కు కంటె సుమారు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. వెల్డింగు మంటకు ఒకటి ఎక్కువగా, మరొకటి తక్కువగా సాగితే అతుకు మెలితిరిగిపోతుంది. ఈ మాటలు విని మాస్టారు సిగ్గుపడ్డారు. ఇవి రెండూ ఆయన తరగతి గదిలో ఏటేటా చెప్పిన పాఠాలే.

జి.ఐ. రేకు సంగతి మరొకటి. జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగి ఆవిరవుతుంది. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా వేడి కావాలి. కనుక వెల్డింగు మంట తగలగానే జింకు తెల్లని పొగగా లేస్తుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, వణుకు, జ్వరం వస్తాయి. "చిన్నప్పుడు నాకూ వచ్చిందండీ. పాలు తాగితే పోతుందని మా గురువు రోజూ గ్లాసెడు పాలు పోయించేవాడు. పాలు బాగానే ఉండేవి, జ్వరం మాత్రం ఆగలేదు" అన్నాడు మేస్త్రీ. అతుకు సంగతి చూసినా, ఆవిరయ్యే జింకు కరిగిన ఉక్కులో బుడగలు లేపి దాన్ని గుల్ల చేస్తుంది. అతుకు వేసే చోట రెండు వైపులా పూతను అరగదీసి వెల్డు చేయవచ్చు. కాని అప్పుడు ఏ రక్షణ కోసం ఆ రేకు కొన్నామో, ముఖ్యమైన చోట అదే లేకుండా పోతుంది.

ఇక మిగిలింది మందం. ఇక్కడ మాస్టారు పట్టు విడవలేదు. మరునాడు స్వయంగా ఇనుప కొట్టుకు వెళ్ళి 16 గేజి రేకు తెచ్చారు. గేజి లెక్క తలకిందులుగా ఉంటుంది: సంఖ్య పెరిగిన కొద్దీ రేకు పలుచన. బ్రిటిష్ తీగ కొలమానం ప్రకారం 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7.

మేస్త్రీ వాదించలేదు. ఆ రేకులో అరచేయంత ముక్క కోసి, పారవేయవలసిన పాత రేకు అంచుకు ఆనించి, గ్యాస్ మంట వెలిగించాడు. మందమైన ముక్క ఇంకా ఎర్రబడుతుండగానే పాత రేకు అంచు కరిగి, వెనక్కి ముడుచుకుని, రూపాయి బిళ్ళంత చిల్లు పడింది.

"బలం మందంలో ఉండదండీ మాస్టారూ, పొత్తులో ఉంటుంది. అతికినా ఏం లాభం? రోడ్డు మీద బండి అదురుతుంది కదా. పాత రేకు వంగుతుంది, ఇది వంగదు. ఆ విసురంతా అంచు మీద పడి, అతుకు పక్కనే పాత రేకు చీలుతుంది. కొత్తది నిక్షేపంగా ఉంటుంది."

మాస్టారు ఆ చిల్లు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

* * *

మూడవ రోజు ఆయన చేతిలో స్క్రూ గేజి ఉన్నది. తరతరాల విద్యార్థుల చేత తీగల మందం కొలిపించిన పరికరం అది. తుప్పు పట్టని చోట చిన్న ముక్క తీసి, రెండు వైపులా రంగు పూర్తిగా గీకి, మూడు చోట్ల కొలిచారు. రంగు, తుప్పు కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒకేచోట కొలిస్తే అరిగిన చోటు మోసం చేస్తుంది. మూడు కొలతలూ 0.94కు, 0.97కు మధ్య వచ్చాయి. పైనుండే రేకులకు, నేలకు ఒక మిల్లీమీటరు రేకు చాలునని తేలింది. తలుపుల కింది పెట్టెలను విడిగా కొలిచి, వాటి మందానికి సరిపోయేది విడిగా కొనాలి. అంబాసిడర్‌కు విడిగా చట్రం లేదు, బాడీయే భారమంతా మోస్తుంది. కనుక అక్కడ అసలు కంటె పలుచని రేకు ఎంతమాత్రం పనికిరాదు.

కొట్టులో రెండు రకాల రేకులు చూపించారు. వేడి మీద సాగదీసినది నల్లగా, గరుకుగా ఉంటుంది. దాని మీది పెచ్చు రంగును నిలువనీయదు, మందమూ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చల్లగా సాగదీసినది నునుపుగా, బూడిద వన్నెలో మెరుస్తుంది. అయితే చల్లగా సాగదీసినప్పుడు ఉక్కు గట్టిపడుతుంది. అందుచేత గాలి తగలని మూతల కింద మళ్ళీ కాచి మెత్తబరుస్తారు. సి.ఆర్.సి.ఎ. అన్న పేరుతో అమ్మేది అదే. అందులోనూ తరగతులున్నాయి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 513లో వాటిని ఒకప్పుడు ఓ, డి, డి.డి., ఇ.డి.డి. అనేవారు, తరువాత సి.ఆర్. 1, 2, 3, 4 అన్న గుర్తులు వచ్చాయి. సంఖ్య పెరిగిన కొద్దీ రేకు లోతుగా మలచడానికి లొంగుతుంది. చదునైన నేలకు మొదటిది చాలు. మడ్‌గార్డు గుండ్రనానికి డి.డి. తరగతి కావాలి.

మేస్త్రీ గుర్తులను నమ్మలేదు. అంచున ఒక పట్టీ కోయించి, పూర్తిగా మడిచి, సుత్తితో అణచి, మడత వీపును గోటితో తడిమాడు. పగులు లేదు. మరొక పట్టీని అడ్డదిశలో కోయించి అలాగే చూశాడు. చేనేత బట్టకు పడుగు, పేక ఉన్నట్టే రేకుకూ సాగదీసిన దిశ ఉంటుంది. ఆ దిశకు అడ్డంగా వంచితే బాగా వంగుతుంది, దాని వెంబడి వంచితే పగిలే భయం ఎక్కువ.

ఆ తరువాత పని నెమ్మదిగా సాగింది. కోయడానికి ముందు మేస్త్రీ తలుపుల సందులలో ఇనుప బద్దలు అడ్డంగా బిగించాడు. కింది పెట్టె తీసేస్తే బాడీ కుంగుతుంది. వెంట్రుక వాసి కుంగినా తలుపు మళ్ళీ సరిగా పడదు. ముందు అట్టతో నమూనా, తరువాత రేకు. అంచు మీద అంచు వేయకుండా, అంచుకు అంచు ఆనించి చుక్కలు చుక్కలుగా వెల్డింగు. ప్రతి చుక్క తరువాత కొంత విరామం, వెనుక డాలీ పెట్టి సుత్తితో మెల్లగా దెబ్బలు. కొత్త రేకు మీది నూనె తుడిచిన రోజే ప్రైమరు పూయాలి. కృష్ణ ఒడ్డు గాలికి నగ్నమైన ఉక్కు తెల్లవారేసరికి ఎర్రబడుతుంది. పెట్టెల లోపల మైనపు పూత పోశారు. అడుగున నీరు కారే రంధ్రాలు విడిచారు.

కోసి తీసిన డ్రమ్ము రేకును మాస్టారు పారవేయనీయలేదు. స్క్రూ గేజితో దాన్నీ కొలిచారు: 1.2 మిల్లీమీటర్లు. కుళ్ళిన అంచులు కత్తిరించి, మేస్త్రీ ఆ మిగిలిన ముక్కతో డిక్కీలోని పనిముట్ల పెట్టెకు మూత చేశాడు. అక్షరాల మీద రంగు వేయలేదు.

* * *

2017 నవంబరు 19వ తేదీ ఉదయం ఆ కారు కరకట్ట మీదుగా అవనిగడ్డ వైపు సాగింది. తల్లి ముందు సీటులో కూర్చుంది. దారి పొడవునా ఆమె పెద్దగా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం కాలితో నేలను తట్టి, "ఇక్కడ మీ నాన్న వేయించిన ముక్క ఉండాలి" అన్నది.

"తీసేశాం అమ్మా. పనిముట్ల పెట్టెకు మూత చేయించాను."

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అదే నయం. ఆయనకు వస్తువు వృథా పోతే గిట్టేది కాదు" అన్నది.

అవనిగడ్డలో దిగి, కొడుకు చేయి అందుకోబోయే ముందు, ఆమె అలవాటు చొప్పున వెనుదిరిగి తలుపును వేళ్ళతో తోసింది. నలభై తొమ్మిదేళ్ళ తలుపు అది. రెండవసారి తోయవలసిన అవసరం లేకుండా, ఒకే ఒక్క చప్పుడుతో, తన చోట తాను పడింది.